సీసాలో సాక్షి

మయారో
14 ఫిబ్రవరి 1999

అక్క డ్రూసిలాకు,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్‌లో నువ్వు నన్ను రెండో వాక్యం దాకా రానివ్వవు. ఈసారి నాకు కనీసం రెండు పేజీలు కావాలి.

మళ్లీ ఆస్పత్రిలో పడ్డాను. ఇది నాలుగోసారి. అదే నొప్పి, పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దిగబడేది. మంచం మీద ముందుకు వంగి, మోకాళ్లు పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. ఆ నొప్పినైనా భరించాను గానీ, కొత్తగా వచ్చిన డాక్టరమ్మను భరించలేకపోయాను. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. స్కాన్ ఫొటోని వెలుతురుకి పెట్టి చూసి, వార్డు మొత్తానికి వినబడేలా అడిగింది.

"రోజుకి ఎంత పుచ్చుకుంటారు అంకుల్?"

"ఏం పుచ్చుకోవడం?"

"రమ్మేనా? బీరు కూడానా?"

"చూడమ్మా, నేను మయారో మద్యనిషేధ సంఘానికి ఇరవై రెండేళ్ల నుంచి అధ్యక్షుణ్ణి."

"అలాగే. అయితే ఎంత?"

పక్క మంచం మీద మన చర్చి గంట కొట్టే హెరాల్డ్ ఉన్నాడు. నేను ఇల్లు చేరేలోపు ఆ మాట ఊరంతా తిరిగొచ్చింది. రమ్ము కొట్టు ముందు నుంచి వెళ్తుంటే తాగుబోతులు లేచి నిలబడి నాకు చోటిస్తున్నారు. ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఇది తేలు పని అని నీకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఆగస్టులో కొబ్బరి షెడ్డులో నల్ల తేలు మడమ మీద కుట్టింది. సాయంత్రానికల్లా కడుపునొప్పితో మెలికలు తిరిగాను. అంతకుముందు నాకు కడుపునొప్పంటే ఏమిటో తెలియదు. నాన్న కూడా తేలు కుట్టే కదా పోయాడు, చుక్క ముట్టని మనిషి! మన ఇంటికి తేలు గండం ఉంది. నన్ను కుట్టిన తేలుని నేను పారేయలేదు. వేటగాడు అల్ఫోన్స్ దాన్ని చంపి సీసాలో భద్రం చేసి ఇచ్చాడు. ఎవరైనా అనుమానంగా చూస్తే ఆ సీసా బల్ల మీద పెడతాను. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలోనే పెట్టాను.

అయినా చాలలేదు. జూలై మొదటి ఆదివారం మా సంఘ పెద్దలు ఈ సంగతి తేల్చడానికి కూర్చుంటున్నారు. వాళ్ల తరఫున జయకరన్ మర్యాదగానే చెప్పాడు: "సైలసూ, మాకు నీ మీద అనుమానమేం లేదయ్యా. కానీ ఒక కాగితం ముక్క ఉంటే బాగుంటుంది." కాగితం లేకపోతే అధ్యక్షుడి కుర్చీ దిగాలి. నలుగురిలో తలెత్తుకోలేను.

నువ్వు ఆ పెద్దాస్పత్రి ల్యాబులో ముప్పై అయిదేళ్లు చేశావు. అక్కడి పెద్ద డాక్టర్లు నీ మాట కాదనరు. ఇది తేలువల్లే వచ్చిందని ఒక ఉత్తరం రాయించి పంపు. నా పరువు నీ చేతిలో ఉంది.

నీ తమ్ముడు
సైలస్


శాన్ ఫెర్నాండో
2 మార్చి 1999

సైలస్‌కు,

రెండు పేజీలన్నావు, అయిదు రాశావు. అందులో నొప్పికి నాలుగు వాక్యాలు, మిగతాదంతా పరువుకి. అంత కోపం వస్తోందంటే కోలుకుంటున్నావన్నమాట, సంతోషం.

ఉత్తరంతో నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు పట్టుకుని డాక్టర్ అచోంగ్ దగ్గరికి వెళ్లాను. ఆయన కిందే నేను పనిచేసింది. రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పారు. క్లోమాలను ఉల్లిపొర కంటే పల్చగా కోసి గాజుపలకల మీద పరిచిన చేతులు నావి కాబట్టి, నా మాటల్లోనే రాస్తాను.

క్లోమం కడుపు వెనకాల అడ్డంగా పడుకుని ఉండే మెత్తటి అవయవం. అందులో కణాలు తిండిని అరిగించే రసాలు తయారుచేస్తాయి. ఆ రసాలు క్లోమంలో ఉన్నంతసేపు నిద్రలో ఉండాలి, పేగులోకి దిగాకే మేలుకోవాలి. కణానికి దెబ్బ తగిలిందనుకో, అవి ఇంట్లోనే మేలుకుంటాయి. మాంసాన్ని అరిగించే రసానికి ఇది కోడి మాంసం, ఇది సైలస్ మాంసం అన్న తేడా తెలియదు. ఉన్న ఇంటినే తినడం మొదలుపెడుతుంది. నువ్వు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నది అప్పుడే. మన దీవిలోని నల్ల తేలు విషం ఈ పని చేయగలదని డాక్టర్లందరికీ తెలుసు. ఇంతవరకు నీ మాట నిజం.

రెండో సంగతి ఈ మధ్యే బయటపడిందట. ఆ కణాల పక్కనే నక్షత్రం ఆకారంలో ఇంకో రకం కణాలుంటాయి. మామూలు రోజుల్లో వాటికి పెద్దగా పనిలేదు, కునుకు తీస్తుంటాయి. పక్కవాటికి గాయమైందని తెలియగానే లేచి పీచు వేయడం మొదలుపెడతాయి. గాయం ఒక్కసారిదైతే కాస్త పీచుతో అతుకు వేసి ఊరుకుంటాయి, క్లోమం దాదాపు మామూలైపోతుంది. ఒక గాయం మానకముందే ఇంకోటి, అది మానకముందే మరోటి పడుతుంటే మాత్రం వాటికి ఇక నిద్రలేదు. పీచు మీద పీచు వేస్తూనే ఉంటాయి. మెత్తటిది కాస్తా గట్టిపడి ముడుచుకుపోతుంది. రసాలు తయారుచేసే కణాలకు చోటే మిగలదు. కొబ్బరి తోట చూసుకునే నీకు పీచు గురించి నేను చెప్పేదేముంది. నీ స్కాన్‌లో కనిపించింది అదే.

ఇప్పుడు ఆలోచించు. తేలు నిన్ను కుట్టింది ఒక్కసారి. ఇంత పీచు ఒక్క కాటుకి రాదంటున్నారు అచోంగ్. "తేలు తలుపు తెరిచి ఉండొచ్చు డ్రూసిలా. ఆ తలుపులోంచి రోజూ లోపలికి వస్తున్నదెవరో కనుక్కో" అన్నారు.

కాబట్టి ఒట్లు పెట్టకుండా, ప్రసంగం చేయకుండా, పొద్దున లేచింది మొదలు నీ నోట్లోకి ఏమేం వెళ్తున్నాయో రాసి పంపు. అన్నీ రాయి.

అక్క
డ్రూసిలా


మయారో
28 మార్చి 1999

అక్కకు,

నా ఇంట్లోకి రోజూ వస్తున్నదెవరో కనుక్కోమన్నాడా ఆయన? నాకు ఆ మాట నచ్చలేదు. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున కోకో టీ, రెండు సాదా రోటీలు, కాల్చిన టమాటా పచ్చడి. మధ్యాహ్నం అన్నం, పప్పు, చేమాకు కూర, దొరికితే చేప. సాయంత్రం ఒక గ్లాసు మాబీ కషాయం, అదీ బెరడు నీ మరదలు లిస్ట్రా ఇంట్లో మరిగించిందే. క్రిస్మస్‌కి నల్ల కేకు ఎవరిచ్చినా, పళ్లు రమ్ములో నానబెట్టలేదని వాళ్లు బైబిలు మీద చెప్పాకే ముక్క నోట్లో పెట్టుకుంటాను. పోయిన క్రిస్మస్‌కి పాస్టరమ్మ గారు చెప్పడానికి తటపటాయించారు. పళ్లెం తిరిగి ఇచ్చేశాను. ఇంతకంటే ఏం కావాలి నీ డాక్టరుకి?

అన్నీ రాయమన్నావు గనక ఒకటి చెబుతున్నాను, అది తిండీ కాదు, పానీయమూ కాదు. నొప్పికి అల్ఫోన్స్ ఇచ్చిన తేలు మందు వేసుకుంటాను. ఆ సీసాలోదే. కుట్టిన తేలులోనే దాని విరుగుడు ఉంటుందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. లోపల వేళ్లూ, బెరళ్లూ చాలా ఉన్నాయి, వాటి పేర్లు అల్ఫోన్స్ ఎవరికీ చెప్పడు. సీసాలో తగ్గినప్పుడల్లా వచ్చి నింపిపోతాడు. వేసుకున్న గంటకి నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. మర్నాడు రెండింతలై వస్తుంది. విషం పైకి వస్తున్నదానికి అది గుర్తట. "విషం మొత్తం బయటికొచ్చేదాకా ఆపకు సైలసూ, మధ్యలో ఆపితే మొదటికొస్తుంది" అంటాడు. నేను ఏదైనా మొదలుపెడితే మధ్యలో ఆపే మనిషిని కానని నీకు తెలుసు.

ఉత్తరం సంగతి తొందరగా చూడు.

సైలస్


శాన్ ఫెర్నాండో
20 ఏప్రిల్ 1999

సైలస్‌కు,

మొన్న లిస్ట్రా కంటి పరీక్షకని ఇక్కడికి వచ్చింది కదా. వచ్చేటప్పుడు నీ మందు కాస్త పట్టుకురమ్మని నేనే కబురుపెట్టాను. పాపం, దగ్గు మందు సీసాలో పోసి, చీరలో పాపాయిని తెచ్చినట్టు చేతి సంచిలో పొదువుకుని తెచ్చింది. ఆవిణ్ణి ఏమీ అనకు.

మూత తీశాను. ముప్పై అయిదేళ్లు స్పిరిట్ సీసాల మధ్య బతికిన ముక్కు నాది. ఈ ముక్కుకి కూడా నీళ్లు తిరిగాయి. లిస్ట్రాని అడిగాను:

"ఇదేమిటే?"

"మందు వదినా."

"ఏ మందు?"

"పంచన్‌లో వేళ్లూ, తేలూ." మళ్లీ తనే, "తేలు ఉంది కదా వదినా" అంది. చివరి మాట నన్ను బతిమాలుతున్నట్టుంది.

నాయనా, పంచన్ అంటే నూటికి డెబ్బై అయిదు పాళ్లు సారాయి. రమ్ము కొట్టు దగ్గర నీకు లేచి చోటిచ్చే ఆ తాగుబోతులు కూడా నీళ్లు కలపకుండా ముట్టుకోరు. నాలుగేళ్లుగా నువ్వు ఊరందరికీ సాక్ష్యంగా చూపిస్తున్న తేలు పంచన్‌లో ఈదుతోంది. ఆ సీసాని చర్చి గుమ్మంలో పెట్టావు! మూత తీయనందుకు దేవుడికి దండం పెట్టుకో.

అచోంగ్‌కి చెప్పాను. ఆయన నవ్వలేదు. సారాయి ఆ కణాలను దెబ్బతీయడమే కాదు, పీచు వేసేవాటిని నేరుగా కూడా రెచ్చగొడుతుందట. ఒక్కో గుటకా ఒక్కో దెబ్బ. మర్నాడు నొప్పి రెండింతలవుతున్నది విషం బయటికి వస్తున్నందుకు కాదు, లోపలికి పోస్తున్నందుకు. ఇలాగే సాగితే అరుగుదల పోతుంది, ఆ వెనకే షుగరు వస్తుంది, ఆ తర్వాతది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రోజుకి ఎంత తాగుతున్నావో రాయి. "వేసుకుంటున్నాను" అని రాయకు.

డ్రూసిలా


మయారో
9 మే 1999

అక్కకు,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్లీ ముక్కలు ఏరుకుని చదివాను.

పంచన్‌లో వేస్తారని నాకు తెలియదనుకున్నావా? నేనేమైనా పసివాడినా? కానీ తేలు పడ్డాక రమ్ము రమ్ముగా ఉండదు. తేలు విషాన్ని రమ్ము చంపుతుంది, రమ్ము మత్తుని విషం చంపుతుంది. రెండూ చచ్చాక మిగిలేది మందు. ఇది నేను కనిపెట్టింది కాదు. మయారోలో తాతల నాటి నుంచి ఉన్నదే. వేటకి వెళ్లేవాడెవడూ ఆ సీసా లేకుండా అడవిలో అడుగుపెట్టడు. వాళ్లని తాగుబోతులంటామా? నాకు ఏనాడూ కాలు తడబడలేదు, మాట తూలలేదు. సంఘంలో గంటన్నర ప్రసంగిస్తాను, ఒక్క మాట తప్పు పోదు.

ఎంత అని అడిగావు. మొదటి ఏడాది మూతెడు, నొప్పి వచ్చిన రోజే. రెండో ఏడాది రోజూ మూతెడు, నొప్పి రాకుండా. ఇప్పుడు పొద్దున అరకప్పు, సాయంత్రం అరకప్పు. మీటింగు ఉన్న రోజు మధ్యాహ్నం కూడా, గొంతు కోసం. ఇది ఎవరికీ చెప్పలేదు. లిస్ట్రాకి కూడా సరిగ్గా తెలియదు. పోయిన వారం రెండు రోజులు మానేసి చూశాను, నీ మాట అబద్ధమని నిరూపించడానికే. చేతులు వణికాయి. అది విషం ప్రభావం కూడా కావచ్చు.

ఇదంతా మన మధ్యే ఉండాలి. నువ్వు నా అక్కవి, జయకరన్‌కి కాదు. నాకు ఒక్క ముక్క చాలు: "ఈ జబ్బు తేలు కాటువల్ల వచ్చింది." అబద్ధం కాదని నువ్వే రాశావు కదా, విషం ఆ పని చేయగలదని? నాన్న సమాధి మీద చేయి పెట్టి, ఆయనలాగే జీవితంలో చుక్క ముట్టనని పద్దెనిమిదో ఏట ప్రమాణం చేసినవాణ్ణి నేను. నన్ను తాగుబోతు అంటే ఆయన్ని కూడా అన్నట్టే.

సైలస్


శాన్ ఫెర్నాండో
6 జూన్ 1999

సైలస్,

నాలుగు వారాలు జవాబు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. నువ్వు నాన్న పేరు ఎత్తకుండా ఉంటే ఇంకో నలభై ఏళ్లు కూడా దాచేదాన్నేమో.

1961లో నాన్న ఇక్కడి ఆస్పత్రిలో పోయాడు. పోస్టుమార్టం ముక్కలు మా ల్యాబుకే వచ్చాయి. నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ రోజు వేరేవాళ్లు చేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. నాన్న క్లోమాన్ని నా చేతులతో కోసి, రంగువేసి, మైక్రోస్కోపు కింద చూశాను. అంతా పీచే. రసాల కణాలు అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలాయి. కింద రిపోర్టులో పెద్ద డాక్టరు ఒక్క మాట రాశాడు, చాలా ఏళ్ల సారాయి అని. నాన్న షెడ్డులో కొబ్బరి డొక్కల కింద సీసాలు దాచేవాడు.

అమ్మకి చదువు రాదు. బయట మెట్ల మీద కూర్చుంది. "ఏం రాశారమ్మా?" అంది. ఆ నెలలోనే షెడ్డులో ఎవరినో తేలు కుట్టిందని విన్నాను. "తేలు" అన్నాను. అంతే. ఆ మాట చర్చికి వెళ్లింది, పాస్టరు గారు సమాధి దగ్గర తేలు మీద ప్రసంగం చేశారు, నువ్వు ఏడుస్తూ ప్రమాణం చేశావు. నీ మొహం చూసి నోరు మూసుకున్నాను. ఈ అబద్ధం వల్ల ఒక్కడైనా బాగుపడుతున్నాడు కదా అనుకున్నాను. నువ్వు సంఘం పెట్టినప్పుడు ఎంత గర్వపడ్డానో! తీరా చూస్తే నేను పుట్టించిన తేలే నీకు సీసా అందించింది. మన ఇంట్లో తేలు గండం ఉందని నీకు నేర్పింది నేనే. నన్ను క్షమించు.

దీనితో అచోంగ్ రాసిన ఉత్తరం పెట్టాను. నాలుగు వాక్యాలే. మొదటి గాయం తేలువల్ల అయి ఉండటానికి పూర్తి అవకాశం ఉందన్నారు. తర్వాత నాలుగేళ్ల గాయాలు తేలు నానబెట్టిన పంచన్ వల్ల అన్నారు. ఉన్న పీచు పోదన్నారు. ఈ రోజు ఆపితే మిగిలిన క్లోమంతో బతకవచ్చన్నారు.

మొదటి వాక్యం దగ్గర కాగితం మడిచి చదివితే నీ కుర్చీ నీకుంటుంది. అలా చదవవద్దని నేను ఎలా చెప్పను? నేనూ ఒకసారి కాగితం మడిచి చదివినదాన్నే. ఆ డాక్టరమ్మ దగ్గరికి మాత్రం వెళ్లు. ఒక్కసారిగా మానేయకు, ఫిట్స్ రావచ్చట, ఆమె మందులు ఇస్తుంది.

నాకు ఉన్నది నువ్వొక్కడివే.

డ్రూసిలా


మయారో
25 జూలై 1999

అక్కా,

నీ ఉత్తరం అందాక వారం రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. నాన్న అలాంటివాడు కాదని గోడలకి చెప్పాను. ఎనిమిదో రోజు లిస్ట్రా కూరలో లవంగాలు వేసింది. ఆ వాసనకి నాన్న గుర్తొచ్చాడు. ఆయన జేబులో ఎప్పుడూ లవంగాలే, నోట్లో ఎప్పుడూ లవంగమే. మనకు తీపి పెట్టేవాడు కాదు, లవంగం పెట్టేవాడు. పద్దెనిమిదేళ్లు ఆ వాసన పీల్చినవాణ్ణి, అది ఏ వాసన కప్పడానికో నాకు తెలియలేదంటే నేనే నమ్మను. నువ్వొక్కదానివే అబద్ధం చెప్పలేదు. నీ మీద ఇక కోపం లేదు.

జూలై నాలుగున సంఘ పెద్దలు కూర్చున్నారు. పన్నెండుమంది. పాస్టరు గారు కూడా ఉన్నారు. కాగితం మడిచే వెళ్లాను. లేచి నిలబడ్డాక మడత విప్పాను. నాలుగు వాక్యాలూ చదివాను. పంచన్ అన్న మాట కూడా వదల్లేదు. రాజీనామా జేబులో ఉంది.

జయకరన్ అడిగాడు:

"సైలసూ, ఆ సీసాలో తేలు ఉందా?"

"ఉంది."

"అల్ఫోన్స్ కట్టిందేనా?"

"వాడే."

"అయితే గొడవేముంది? తేలున్నది మందు, తేలు లేనిది మద్యం. ఆ డాక్టరు పట్నంవాడు, మన సీసా సంగతి అతనికేం తెలుస్తుంది?"

"నిజమే, నా మోకాళ్లకీ అదే కదా" అన్నాడు ఒకాయన.

"మా అత్తగారికీ" అన్నాడు ఇంకొకాయన.

పాస్టరు గారు కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నారు. తీర్మానం రాశారు: సంఘ నియమావళిలో మద్యం అంటే తేలు, జెర్రి, పాము వేయని మద్యం అని అర్థం చేసుకోవాలి. అధ్యక్షుడి శీలం మీద ఏ మచ్చా లేదు. అందరూ చేతులెత్తారు. జయకరన్ ఒక చేయి పైకెత్తాడు, రెండో చేత్తో పొట్ట పైభాగం నొక్కుకుంటున్నాడు, సరిగ్గా నాకు నొప్పి వచ్చే చోట. అతని మొహం పసుపచ్చగా ఉంది. అంతవరకు నేను చూడనే లేదు.

అక్కా, నాకు కావలసిందంతా వాళ్లు ఇచ్చేశారు. పరువు, కుర్చీ, సీసా. అంతమంది పెద్దమనుషులు చేతులెత్తి నన్ను చంపడానికి ఒప్పుకున్నారు, ప్రేమతోనే. రాజీనామా తీసి బల్ల మీద పెట్టాను. "ఎందుకయ్యా, నిన్ను వదిలేశాం కదా!" అన్నాడు జయకరన్. "నువ్వు కూడా ఆస్పత్రికి వెళ్లి స్కాన్ తీయించుకో" అన్నాను. ఆ మాటకి అతనికి వచ్చిన కోపం పంచన్ అన్నందుకు కూడా రాలేదు. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. నాకు తేలు విషం తలకెక్కిందని ఊళ్లో అంటున్నారు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "రోజుకి ఎంత అంకుల్?" అని అడిగింది. చెప్పాను. రాసుకుంది, అంతే. మూడు రోజులు వార్డులో ఉంచుకుంది. బుధవారం బుధవారం రియో క్లారో ఆరోగ్య కేంద్రంలో మానాలనుకునేవాళ్లు కూర్చుంటారట, అక్కడికి వెళ్లమంది. పోయిన బుధవారానికి రెండుసార్లయింది. మొదటిరోజు గుమ్మంలో ఆగిపోయాను. లోపల విన్‌స్టన్ ఉన్నాడు. పదకొండేళ్ల కిందట పెళ్లిలో ఒక బీరు తాగాడని మా సంఘం పుస్తకంలోంచి నేను పేరు కొట్టేసినవాడు. అందరి ముందు నిలబెట్టి మరీ కొట్టేశాను. అతను లేచి కుర్చీ లాగాడు.

"రండి ప్రెసిడెంట్ గారూ. మీ వంతు వచ్చేదాకా ఇంకా ముగ్గురున్నారు. కూర్చోండి."

నా వంతు వచ్చింది. ఇరవై రెండేళ్లు గంటన్నర తగ్గకుండా ప్రసంగించిన నోరు. పేరు చెప్పి, 'తాగుబోతుని' అన్న ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఎవరూ తొందరపెట్టలేదు. చెప్పాను.

ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. ఎండలో నడుస్తుంటే కూడా వణుకు వస్తోంది. తాగొద్దని ఇరవై రెండేళ్లు ఊరికి చెప్పాను గానీ, తాగకుండా ఒక పూట గడపడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఆ మనుషులను నేను ఎన్ని మాటలన్నాను!

శనివారం బస్సెక్కి రా. కొన్నాళ్లు ఉండు. నాకు భయంగా ఉంది అక్కా.

సైలస్